కండరాల మంట

బరువులెత్తేటప్పుడు సెట్ చివరి రెప్పుల్లో కండరంలో రగిలే తాత్కాలిక బాధ. బరువు దించిన కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతుంది.

గట్టిగా బిగిసిన కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. ఆక్సిజన్ అందడం తగ్గుతుంది, శక్తి అవసరం మాత్రం పెరుగుతుంది. అప్పుడు కణాలు తమలో నిల్వ ఉన్న చక్కెర అయిన గ్లైకోజెన్‌ను ఆక్సిజన్ లేకుండానే వేగంగా విడగొడతాయి. లాక్టేట్, హైడ్రోజన్ అయాన్లు పేరుకుని, 7 దగ్గరుండే పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) 6.5 దాకా పడిపోవచ్చు.

ఈ మంటకు నింద చాలాకాలం లాక్టిక్ ఆమ్లం ఒక్కదాని మీదే పడింది. వేటాడిన జింకల కండరాల్లో దాన్ని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 19వ శతాబ్దం తొలినాళ్లలోనే గుర్తించాడు. కానీ ఆ నింద అన్యాయం. శరీరంలో ఆ ఆమ్లం ఉండే రూపమైన లాక్టేట్ గుండెకు ఇంధనం. కాలేయం దాన్ని తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది. 2014లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో వాలంటీర్ల బొటనవేలి కండరంలోకి ఆమ్లం, లాక్టేట్, కణాల శక్తి అణువైన ఏటీపీ ఎక్కించి చూశారు. విడివిడిగా ఏదీ బాధించలేదు. మూడూ కలిస్తేనే అలసట తెలిసింది. మోతాదు పెంచితే నొప్పి, వేడి కూడా.

మర్నాడు మొదలై రెండు మూడు రోజులుండే ఒళ్లునొప్పి వేరు. లాక్టేట్ సుమారు గంటలోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఆ నొప్పి కండర తంతువులకు తగిలే సూక్ష్మ గాయాలది, ముఖ్యంగా డంబెల్‌ను నెమ్మదిగా కిందికి దించేటప్పుడు తగిలేవి.