పసుపు గీత

ముందు తలుపు వేసెయ్యండి. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపుకు వెలుతురంటే పడదు. స్టూలు ఎత్తు సరిచేసుకుని, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కటకాల మీదికి వంగండి. కాసేపు ఏమీ కనిపించదు. కళ్లు చీకటికి అలవాటు పడాలి.

మొదటి స్లైడు ఆరోగ్యంగా ఉన్న మనిషిది. ఎండోస్కోపీ చేసినప్పుడు చిన్నపేగు మొదట్లోంచి గిల్లి తెచ్చిన చిన్న ముక్కను పల్చగా కోసి, రెండు రంగులు పట్టించారు. ఐజీఏ యాంటీబాడీ ఉన్నచోట ఆకుపచ్చ. టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము ఉన్నచోట ఎరుపు. రెండూ ఒకేచోట చేరితే పసుపు.

అదిగో, వేళ్లలా లేచిన చూషకాలు. ఒక్కోదాని మీద ఒకే వరుస కణాలు, భుజం భుజం ఆనించి నిలబడ్డాయి. వాటి పాదాల కింద సన్నగా ఎర్రటి గీత. ఆకుపచ్చ దానికి ఎడంగా, యాంటీబాడీలు తయారుచేసే కణాల్లో చుక్కలు చుక్కలుగా ఉంది. చూషకాల మధ్య గుంటల్లోని కణాల్లో కొంచెం. పసుపు ఎక్కడా లేదు.

స్లైడు మార్చండి. ఇది సీలియాక్ జబ్బు మొదలైన మనిషిది. చూషకాలు ఇంకా నిటారుగానే ఉన్నాయి. మామూలు రంగులతో చూస్తే పేగుకు ఏమీ కాలేదనే అనిపిస్తుంది. కానీ కణాల పాదాల కింద చూడండి, చీరకు జరీ అంచు వేసినట్టు పసుపు గీత! చిన్న రక్తనాళాల చుట్టూ కూడా అదే. సొంత ఎంజైము మీద సొంత యాంటీబాడీ ఎక్కి కూర్చుంది.

దీనికి మూలం గోధుమ. అందులోని గ్లూటెన్ మన జీర్ణరసాలకు పూర్తిగా లొంగదు. 33 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి చెక్కుచెదరకుండా మిగులుతుందని 2002లో తేలింది. మీరిప్పుడు చూసిన ఎర్రగీత ఎంజైము అలాంటి ముక్కల్లోని గ్లుటమిన్‌ను గ్లుటమేట్‌గా మారుస్తుంది. దాంతో అవి, టీ కణాలకు ఇలాంటి ముక్కల్ని చూపించే డీక్యూ2, డీక్యూ8 అణువుల్లో బాగా ఇముడుతాయి, వాటిని చూసి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు రెచ్చిపోతాయి. గ్లూటెన్‌ను పట్టుకున్న పాపానికి ఎంజైము మీదా యాంటీబాడీలు పుడతాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. వాటి గురి ఈ ఎంజైమేనని జర్మనీలో డీటెరిక్, షుప్పాన్ బృందం 1997లో గుర్తించింది.

(మనకిది పెద్దగా వినని జబ్బు కావడానికి కారణం కంచంలోనే ఉంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తరాదిన రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిన 25 గ్రాములే. ఈ యాంటీబాడీలు అక్కడ 1.23 శాతం మందిలో, ఇక్కడ 0.10 శాతం మందిలో కనిపించాయి. రాత్రి అన్నం మానేసి పుల్కాలకు మారిన ఇళ్లవాళ్లు ఈ లెక్కను ఒకసారి చూసుకోవాలి.)

సరే, ఆ పసుపు గీత ఊరికే కూర్చుందా, ఏమన్నా చేస్తోందా? మైక్రోస్కోపు వదిలి పక్క బల్ల దగ్గరికి రండి. 1999లో ఫిన్‌లాండ్‌లోని టాంపెరెలో హాల్టునెన్, మాకి చేసిన ప్రయోగం ఇది. కొలాజెన్ జెల్‌లో టీ84 అనే పేగు కణాలు. తోడుగా ఫైబ్రోబ్లాస్టులనే కణాలు ఉంటే అవి ముద్దగా ఉండిపోకుండా వరుస కట్టి, మధ్యలో ఖాళీ వదిలి, పేగు కణాల్లా ఎదుగుతాయి. ఇంకో పాత్రలో సీలియాక్ రోగుల ఐజీఏ కలిపారు. ఆ ఎదుగుదల ఆగిపోయింది.

2007లో నేపుల్స్ నుంచి వచ్చిన ప్రయోగం ఇంకో ముక్క జోడించింది. ఇవే యాంటీబాడీలు తగిలిన కాకో-2 అనే పేగు కణాలు వేగంగా విభజన మొదలుపెట్టాయి, లోపలి ఆక్టిన్ పోగులు చెదిరి వేరేగా సర్దుకున్నాయి.

రెండూ కలిపి చూస్తే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. మామూలుగా గుంటలో పుట్టిన కణం ఎదుగుతూ చూషకం పైకి ఎక్కి, నాలుగైదు రోజుల్లో కొన నుంచి రాలిపోతుంది. ముదిరిన సీలియాక్ పేగులో గుంటలు లోతుగా పెరుగుతాయి, చూషకాలు కోత కోసిన చేనులా చదునవుతాయి. పుట్టుక ఎక్కువ, ఎదుగుదల తక్కువ: పాత్రల్లో కనిపించిందీ అదే.

అలాగని తీర్పు చెప్పేయకండి. టీ84, కాకో-2 రెండూ పెద్దపేగు క్యాన్సర్ల నుంచి తెచ్చిన కణాలు. మనిషి పేగును పాడుచేసే పనిలో పెద్దచెయ్యి టీ కణాలదే. యాంటీబాడీలు ఒంటరిగా చూషకాలను కూల్చగలవని ఎవరూ రుజువు చెయ్యలేదు. అయినా వాటిని జబ్బుకు సాక్షులని మాత్రమే అనడం నాకైతే మింగుడుపడదు.

మళ్లీ చీకట్లోకి రండి, చివరి స్లైడుంది. గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ, రై మానేసి చాలాకాలమైన మనిషిది. రక్తంలో యాంటీబాడీలు లేవు. చూషకాలు తిరిగి లేచాయి. ఫోకస్ కొంచెం తిప్పండి. ఇంకొంచెం. కణాల పాదాల కింద, అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క, వెలిసిపోయిన పసుపు.