ఊచల నడుమ ఎడము

జూలూరుపాడు ప్రాంతమున పసిపాపకు చీరతో కట్టిన ఉయ్యాల చిరపరిచితము. దాని మేలు కీడు ముడిలోను, దూలములోను ఉన్నవి. వడ్రంగి చేసిన ఊచల తొట్టిలో వేరొక లెక్క చూడవలెను: ఊచకూ ఊచకూ నడుమ ఎంత ఎడము?

సందు వెడల్పైనచో శిశువు కాళ్లు, ఆపై నడుము అందుండి జారిపోవును. తల మాత్రము పట్టక చిక్కుకొనును. మెడపై బరువు పడి ఊపిరి ఆగును. కావున సందును తలతో గాక పిరుదులతో కొలువవలెను. చిన్న విషయమే, కాని ఇందే శాస్త్రమంతయు ఉన్నది! అమెరికాలో 1973లో వెలువడిన నిబంధన ఈ తర్కముపైననే నిలిచినది: ఎడము 2 3/8 అంగుళములు, అనగా సుమారు 6 సెంటీమీటర్లు, మించరాదు.

అయినను ప్రమాదము వేరు దారి వెదకుకొన్నది. పక్కతలుపు క్రిందికి దించు తొట్లలో మరలు వదులై, తలుపునకూ పరుపునకూ నడుమ క్రొత్త సందు ఏర్పడెను. 2000 తరువాతి దశాబ్దములో అచ్చట కనీసము 32 మంది పసివారు ఇట్లు మరణించిరి. 2011 జూన్ 28 నుండి అట్టి తొట్ల అమ్మకము అచ్చట నిషిద్ధము.

మన దేశమున ప్రమాణ ముద్రల చట్టము 1952లో వచ్చినది. ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. నిద్రపుచ్చు తొట్టి ఆటబొమ్మ కాదు గనుక ఆ ఆజ్ఞ దానిని తాకదు. అయితే ఊచల ఎడము కొలుచుటకు బడిపిల్లవాని స్కేలు చాలును.