ఏడు సీజన్ల వెలితి

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌ను అసలు జట్ల పేర్లతో, అసలు క్రీడాకారుల రూపురేఖలతో, మైదానంలో జరిగే ఆటకు వీలైనంత దగ్గరగా ఆడించే వీడియో గేమ్ 2014 నుంచి 2020 దాకా ఏడు సీజన్ల పాటు ఒక్క సోనీ ప్లేస్టేషన్ మీదే దొరికింది. ఇంట్లో ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లకు, నింటెండో ఉన్నవాళ్లకు, కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు అది అందలేదు. 2016లో షికాగో కబ్స్ జట్టు 108 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. తాతల కాలం నుంచి ఆ గెలుపు కోసం ఎదురుచూసిన కుటుంబాల్లో ఎక్స్‌బాక్స్ కొనుక్కున్న పిల్లలకు ఆ సీజన్‌ను తెర మీద తమ చేతులతో తిరిగి ఆడుకునే వీలు లేకపోయింది. ఈ వెలితికి మూలం బేస్‌బాల్‌లో లేదు. 2004 చివర్లో అమెరికన్ ఫుట్‌బాల్ చుట్టూ కుదిరిన ఒక ఒప్పందంలో ఉంది.

ఒక గేమ్‌ను ఒక్క కన్సోల్‌కే పరిమితం చేసే పద్ధతి అన్ని రకాల గేముల్లోనూ ఉంది. క్రీడల గేముల్లో మాత్రం దాని దెబ్బ వేరుగా తగులుతుంది. కథ నడిపే గేమ్ ఒకటి పక్కింటివాళ్ల కన్సోల్ మీదే ఉంటే, మన దగ్గరున్న దాని మీద ఇంకో మంచి కథ వెతుక్కోవచ్చు. యాంకీస్ జట్టు అభిమానికి యాంకీస్ బదులు ఇంకో జట్టు పనికిరాదు. లీగ్ ఒక్కటే, జట్టు ఒక్కటే, ఆ యేటి సీజన్ ఒక్కటే. వాటిని తెర మీద చూపించే హక్కు ఎవరి చేతిలో ఉంటే గేమర్ వాళ్ల గడప తొక్కాల్సిందే.

ఆ హక్కు కూడా ఒకచోట దొరకదు. జట్ల పేర్లు, చిహ్నాలు, దుస్తుల రంగులు లీగ్ ఇవ్వాలి. క్రీడాకారుల పేర్లు, ముఖాలు వాళ్ల సంఘం ఇవ్వాలి. రెండింటిలో ఏది లేకపోయినా ఆట సగమే. 1989లో నింటెండో ఎన్‌ఈఎస్ మీద వచ్చిన టెక్మో బౌల్‌లో ఫుట్‌బాల్ క్రీడాకారుల అసలు పేర్లు ఉన్నాయి గాని జట్ల అసలు పేర్లు లేవు. 1991 నాటి టెక్మో సూపర్ బౌల్‌కు రెండు అనుమతులూ దొరికాయి. అయినా సంఘం ద్వారా తమ పేరు ఇవ్వని జట్టు దాడిని నడిపే ముగ్గురు పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ల (క్యూబీల) స్థానంలో 'క్యూబీ బిల్స్', 'క్యూబీ బ్రౌన్స్', 'క్యూబీ ఈగల్స్' అనే అనామకులు నిలబడ్డారు. బేస్‌బాల్‌లో ఇది తలకిందులైంది. 1994లో నింటెండో తన సూపర్ ఎన్‌ఈఎస్ కోసం కెన్ గ్రిఫీ జూనియర్ పేరు మీద ఒక గేమ్ తెచ్చింది. అంతకు రెండేళ్ల ముందే నింటెండో అధిపతి హిరోషి యమౌచి సొమ్ముతో గ్రిఫీ ఆడే సియాటిల్ మారినర్స్ జట్టు చేతులు మారింది. గేమ్‌కు లీగ్ అనుమతి ఉంది, క్రీడాకారుల సంఘం అనుమతి లేదు. ఫలితంగా అందులో గ్రిఫీ ఒక్కడే సొంత పేరుతో ఉన్నాడు, మిగతా అందరివీ కల్పించిన పేర్లే. పేర్లు మార్చుకునే వీలు గేమ్‌లోనే ఉండడంతో గేమర్లు గణాంకాలు పోల్చి చూసుకుని ఎవరెవరో గుర్తుపట్టి, ఒక్కొక్క అక్షరం ఎక్కించుకునేవారు. చిన్న పనే, కానీ అసలు పేరు కోసం క్రీడాభిమాని ఎంత దూరం పోతాడో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ లేదు.

గేమ్‌ను ఒక్క కన్సోల్‌కు కట్టేయడాన్ని నియమంగా మార్చింది నింటెండోయే. ఎన్‌ఈఎస్ రోజుల్లో అమెరికాలో దాని కోసం గేములు చేసే బయటి సంస్థలు ఏడాదికి ఐదుకు మించి తేకూడదు. తెచ్చినదాన్ని రెండేళ్ల వరకు ఇతర కన్సోళ్ల మీద పెట్టకూడదు. పోటీలో ఉన్న సెగా తన జెనెసిస్ కన్సోల్ కోసం సొంతంగా క్రీడల గేములు సమకూర్చుకోవడానికి ఇదొక కారణం. ఫుట్‌బాల్ తార జో మోంటానా పేరును సెగా కొనుక్కుంది. మరోవైపు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అంటే ఈఏ, జెనెసిస్ పనితీరును స్వయంగా విప్పి తెలుసుకుని, ఆ పట్టుతో సెగా నుంచి మెరుగైన షరతులు సాధించి, 1990లో జాన్ మాడెన్ ఫుట్‌బాల్‌ను దాని మీదికి తెచ్చింది. అమెరికాలో జెనెసిస్ నిలదొక్కుకోవడంలో ఈఏ క్రీడల గేముల పాత్ర తక్కువది కాదు.

1995లో అమెరికాకు వచ్చిన ప్లేస్టేషన్‌తో సోనీ కూడా సొంత క్రీడల గేముల దారి పట్టింది. ఆ యేడు ప్లేస్టేషన్ కోసం అనుకున్న మాడెన్ రద్దయింది. ఆ ఖాళీలో సోనీ సొంత గేమ్ ఎన్‌ఎఫ్‌ఎల్ గేమ్‌డే పాతుకుంది. 1999 సెప్టెంబరు 9న అమెరికాలో విడుదలైన సెగా డ్రీమ్‌కాస్ట్ కథ ఇంకా కఠినమైనది. దాని మీద క్రీడల గేములన్నీ తమవే ఉండాలని ఈఏ కోరిందనీ, అప్పటికే విజువల్ కాన్సెప్ట్స్ అనే స్టూడియోను కొన్న తాము ఒప్పుకోలేదనీ నాటి సెగా అమెరికా అధిపతి బెర్నీ స్టోలర్ తర్వాతి కాలంలో చెప్పారు. ఈఏ ఆ కన్సోల్‌కు ఒక్క గేమూ చేయలేదు. విజువల్ కాన్సెప్ట్స్ చేసిన ఎన్‌ఎఫ్‌ఎల్ 2కె చాలా బాగుంది. అయినా మాడెన్‌కు అలవాటుపడ్డవాళ్లకు డ్రీమ్‌కాస్ట్ పెట్టె మీద ఆ పేరు కనిపించలేదు. 2001 జనవరిలో సెగా ఆ కన్సోల్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

గేమ్ రెండు కన్సోళ్ల మీదా వచ్చినా అందులోని ఒక భాగం ఒకదానికే దక్కడం తర్వాతి దశ. ఎక్స్‌బాక్స్ లైవ్ సేవను మైక్రోసాఫ్ట్ 2002 నవంబరులో మొదలుపెట్టింది. దాని మీద పెత్తనం ఎవరిదన్న దగ్గర ఈఏకూ మైక్రోసాఫ్ట్‌కూ పొసగలేదు. దాంతో ప్లేస్టేషన్ 2 మీద మాడెన్‌ను ఇంటర్నెట్ ద్వారా ఊరవతలి స్నేహితుడితో ఆడుకోవచ్చు. ఎక్స్‌బాక్స్ మీద అదే గేమ్‌ను ఇంట్లో పక్కన కూర్చున్నవాడితోనే ఆడాలి. ధర మాత్రం రెండింటికీ ఒక్కటే. 2004లో మైక్రోసాఫ్ట్ తన సొంత క్రీడల గేములను పక్కన పెట్టింది, మే నెలలో ఈఏ ఎక్స్‌బాక్స్ లైవ్‌లో చేరుతున్నట్టు ప్రకటించింది. రెండేళ్ల పాటు ఎక్స్‌బాక్స్ గేమర్లు కోల్పోయిన పోటీలకు పరిహారమేమీ లేదు.

ఆ యేడే అసలు మలుపు. విజువల్ కాన్సెప్ట్స్ చేసిన ఈఎస్‌పీఎన్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2కె5 జులైలో 19.99 డాలర్లకే దుకాణాల్లోకి వచ్చింది. మాడెన్ ధర అంతకు రెండున్నర రెట్లు. కొనేవాళ్లు అటు మళ్లడంతో ఈఏ తన ధరను 29.95 డాలర్లకు దించక తప్పలేదు. పోటీ వల్ల గేమర్‌కు ఒరిగేదేమిటో ఆ కొద్ది నెలలు చూపించాయి. 2004 డిసెంబరులో ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌తోనూ దాని క్రీడాకారుల సంఘంతోనూ ఈఏ ఐదేళ్ల ప్రత్యేక హక్కుల ఒప్పందం కుదుర్చుకుంది. 2కె5కు తర్వాతి భాగం రాలేదు.

ఫుట్‌బాల్ పోగొట్టుకున్న పక్షం బేస్‌బాల్‌లో బదులు తీర్చుకుంది. 2005 జనవరిలో విజువల్ కాన్సెప్ట్స్‌ను గేముల ప్రచురణ సంస్థ టేక్-టూ కొని 2కె విభాగంలో చేర్చింది. ఆ రోజుల్లోనే మేజర్ లీగ్ బేస్‌బాల్ హక్కులను 2012 దాకా సంపాదించింది. ఈఏ చేసిన ఎంవీపీ బేస్‌బాల్ 2005ను ఆ ఆట మీద వచ్చిన గొప్ప గేముల్లో ఒకటిగా నేటికీ చెప్పుకుంటారు. ఆ వరుస అక్కడితో తెగిపోయింది. మరుసటి యేడు ఈఏ కాలేజీ జట్లతో సరిపెట్టుకుంది.

టేక్-టూ ఒప్పందంలోని ఒక్క మినహాయింపు రాబోయే పదిహేనేళ్లను నిర్ణయించింది. అది అడ్డుకున్నది బయటి సంస్థలనే. కన్సోళ్లు తయారుచేసే సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో తమ తమ కన్సోళ్ల కోసం బేస్‌బాల్ గేమ్ చేసుకోవచ్చు. ఆ వెసులుబాటును ఏటా, వదలకుండా వాడుకున్నది సోనీ ఒక్కటే. దాని శాన్ డియేగో స్టూడియో 2006లో ఎంఎల్‌బీ 06: ది షోతో కొత్త వరుస మొదలుపెట్టింది. అలా ప్లేస్టేషన్ ఉన్నవాళ్లకు రెండు గేములు, ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లకు 2కె ఒక్కటే. సోనీ గేమ్ ఏటికేడు పదునెక్కింది. 2కె గేమ్ మీద లోపాల ఫిర్యాదులు పెరిగాయి. 2010లో పర్ఫెక్ట్ గేమ్ (ప్రత్యర్థి బ్యాటర్లలో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆట) వేసిన తొలి గేమర్‌కు పది లక్షల డాలర్ల బహుమతి పెట్టి 2కె అందరి కళ్లూ తిప్పుకుంది గాని, బేస్‌బాల్ ఒప్పందం టేక్-టూకు నష్టాలే మిగిల్చింది. 2012 గడువు దాటాక వచ్చిన ఎంఎల్‌బీ 2కె13 దాని చివరి గేమ్. కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు అదీ రాలేదు. వాళ్ల వరుస 2కె12తోనే ఆగింది.

2014 నుంచి హక్కు ఎవరినీ చట్టబద్ధంగా అడ్డుకోలేదు. అయినా కొత్తగా ఎవరూ ముందుకు రాలేదు. లీగ్‌కు, సంఘానికి రుసుములు కట్టి, ఎనిమిదేళ్లుగా పదునెక్కిన సోనీ గేమ్‌తో మొదటి యేడే పోటీపడాలంటే పెట్టుబడి తిరిగొస్తుందన్న నమ్మకం ఎవరికీ కలగలేదు. కాగితం మీది గోడ కూలినా దాని వెనక పెరిగిన గోడ మిగిలిపోయింది. ప్రత్యేక ఒప్పందాల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది మరిచిపోయే సంగతి ఇది: గడువు తీరిన రోజున పోటీ దానంతటదే తిరిగి రాదు.

ఆ ఏడు సీజన్లలో ఎక్స్‌బాక్స్ గేమర్ ముందున్న దారులు కొద్దే. లీగ్ సంస్థే స్వయంగా ఆర్‌బీఐ బేస్‌బాల్ 14 తెచ్చింది. పిల్లలు సరదాగా ఆడుకోవడానికి బాగుండేది, అసలు ఆటలోని మెళకువలు అందులో లేవు. సూపర్ మెగా బేస్‌బాల్‌లో ఆటతీరు బాగుంది, అందులోని క్రీడాకారులంతా కల్పితులు. మిగిలింది రెండో కన్సోల్ కొనడం. 2013 చివర్లో ప్లేస్టేషన్ 4 ధర 399 డాలర్లు. దాని మీద గేమ్‌కు ఏటా 60 డాలర్లు. ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా అదనం. ఒక్క ఆట కోసం ఇంత ఖర్చు పెట్టినవాళ్లు ఉన్నారు. పెట్టలేక ఆ ఆటనే వదిలేసినవాళ్లు ఉన్నారు.

ఖర్చు కన్నా లోతైన నష్టం స్నేహాలది. క్రీడల గేమ్ ఒంటరిగా ఆడేది తక్కువ. అన్నదమ్ములు, కాలేజీ మిత్రులు, ఆఫీసులో పక్క కుర్చీవాళ్లు కలిసి తమలో తాము లీగులు కట్టుకుంటారు. నలుగురిలో ఇద్దరికి ఒక కన్సోల్, ఇద్దరికి ఇంకొకటి ఉంటే ఆ లీగ్ పుట్టదు. వేర్వేరు కన్సోళ్ల గేమర్లు కలిసి ఆడే వీలును సోనీ చాలాకాలం ఒప్పుకోలేదు. 2018 సెప్టెంబరులో ఫోర్ట్‌నైట్ గేమ్‌తోనే ఆ తలుపు తెరుచుకుంది. పైగా ఒక యేడు నడిపిన జట్టును మరుసటి యేటి గేమ్‌లోకి తెచ్చుకునే సదుపాయాన్ని ది షో 14తో సోనీ మొదలుపెట్టింది. గేమర్‌కు అది నిజంగా వరమే. కాని ఏళ్ల తరబడి పెంచుకున్న జట్టు ఒక కన్సోల్‌లో ఉన్నాక దాన్ని వదిలి వెళ్లడం మరింత కష్టమవుతుంది.

పోటీ లేకపోయినా ది షో నాణ్యత పడిపోలేదన్నది నిజం, దాన్ని దాచాల్సిన పని లేదు. సోనీకి ఆ గేమ్ కన్సోల్‌ను అమ్మిపెట్టే సరుకు. అందుకే దాన్ని శ్రద్ధగా చెక్కింది. ఆ శ్రద్ధ ఫలం గోడ లోపలివాళ్లకే అందింది.

సాకర్‌లో మైక్రోసాఫ్ట్ ఇదే పనిని మరో రూపంలో చేసింది. ఈఏ సాకర్ గేమ్ ఫిఫా 14లో, క్రీడాకారుల కార్డులతో జట్టు కట్టుకునే అల్టిమేట్ టీమ్ విభాగంలో పెలే, డెన్నిస్ బెర్గ్‌క్యాంప్ వంటి పాత దిగ్గజాల కార్డులు ఎక్స్‌బాక్స్ కొన్నవాళ్లకే దక్కాయి. ఇది ఫిఫా 17 దాకా సాగింది. ప్లేస్టేషన్ మీద అదే ధర పెట్టి కొన్నవాళ్లు ఆ నాలుగేళ్లూ పెలే లేని గేమే ఆడారు. ఫిఫా 18లో ఆ కార్డులు 'ఐకాన్స్' పేరుతో అందరికీ వచ్చాయి.

న్యాయస్థానాల వైపు నుంచి గేమర్లకు దక్కింది స్వల్పం. 2010లో అమెరికన్ నీడిల్ కేసులో, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కలిసి ఇచ్చే లైసెన్సులు పోటీ చట్టం పరిధిలోకి వస్తాయని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఈఏ మీద 2008లో గేమర్లు వేసిన దావా 2012లో 2 కోట్ల 70 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. కాలేజీ ఫుట్‌బాల్, అరీనా ఫుట్‌బాల్ లీగుల విషయంలో కొన్నేళ్ల పాటు ప్రత్యేక ఒప్పందాలు చేసుకోబోమని ఈఏ ఒప్పుకుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఒప్పందం మాత్రం చెక్కుచెదరలేదు.

బేస్‌బాల్‌లో కట్టు విప్పింది లీగే. 2019 డిసెంబరులో సోనీతో ఒప్పందం పొడిగిస్తూ, 2021 నాటికల్లా ది షో ఇతర కన్సోళ్లకు కూడా రావచ్చని లీగ్, క్రీడాకారుల సంఘం, సోనీ కలిసి ప్రకటించాయి. కొత్త అభిమానుల కోసం వెతుకుతున్న ఆటకు సగం ఇళ్ల తలుపులు మూసుకుని కూర్చోవడం గిట్టుబాటు కాలేదు. 2021 ఏప్రిల్ 20న ఎంఎల్‌బీ ది షో 21 ఎక్స్‌బాక్స్ మీద విడుదలైంది. సోనీ స్టూడియో చేసిన గేమ్‌ను ఎక్స్‌బాక్స్ మీద ప్రచురించింది లీగ్ సంస్థ. రెండు కన్సోళ్లవాళ్లూ ఒకరితో ఒకరు ఆడుకునే వీలూ దానితోనే వచ్చింది. అంతేకాదు, ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ చందాదారులకు మొదటి రోజు నుంచే విడిగా డబ్బు కట్టకుండా దొరికింది. ప్లేస్టేషన్ 5 మీద దాని ధర 69.99 డాలర్లు. పదిహేనేళ్లుగా ఆ గేమ్‌ను ఏటా కొంటూ నిలబెట్టినవాళ్లు ఈ తేడా చూసి నొచ్చుకున్నారు, అలా నొచ్చుకోవడంలో అన్యాయమేమీ లేదు. గేమ్ పాస్ నిర్ణయం లీగ్‌దేనని సోనీ వివరణ ఇచ్చింది.

2022లో ది షో నింటెండో స్విచ్ మీదికీ చేరింది. కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు మాత్రం ది షో 25 వచ్చేనాటికీ ఆ తలుపు తెరుచుకోలేదు. 2025 మార్చిలో విడుదలైన ఆ గేమ్ ఎక్స్‌బాక్స్ మీద ఉంది గాని గేమ్ పాస్‌లో లేదు. ప్లేస్టేషన్ 4కూ, ఎక్స్‌బాక్స్ వన్‌కూ అది రాలేదు.