షాగీ గడ్డం: సాన్‌ఫ్రాన్సిస్కో నుంచి అమీర్‌పేట దాకా

బాల్యంలో మనల్ని నవ్వించిన బొమ్మలకు ఒక చరిత్ర ఉంటుందన్న ఊహ ఆ వయసులో రాదు. రావలసిన అవసరమూ లేదు. భేతాళుడు ఏ కాలపువాడని అడగకుండానే చందమామ చదివినట్లు, తెర మీద పరుగెత్తే గడ్డం కుర్రవాడు ఏ దేశపువాడని అడగకుండానే స్కూబీ-డూ చూశాం. ఆకుపచ్చ చొక్కా, వదులు ప్యాంటు, చుబుకాన నాలుగు వెంట్రుకలు, కాస్త వంగిన వీపు, ఎన్నటికీ తీరని ఆకలి, పక్కనే తనకంటె పిరికిదైన పెద్ద కుక్క. ఆ కుర్రవాడి పేరు షాగీ. గత శతాబ్దపు చివరి సంవత్సరాలలో అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలలో పెరిగిన పిల్లలకు ఇతణ్ణి పరిచయం చేయనక్కరలేదు. అయితే ఇతని గడ్డానికి ఒక వంశవృక్షం ఉన్నది. దానిని వెదుకుతూ పోతే ఒక కవుల ముఠా, ఒక పత్రికా రచయిత పరిహాసం, ఒక హత్యల సంవత్సరం, చివరకు మన హైదరాబాదు నడిరోడ్డు మీది ఒక అర్ధరాత్రి కూడా తగులుతాయి.

ముందుగా ఇతడు మన ఇళ్ళకు చేరిన దారి చెప్పుకోవాలి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రసారాలు మొదలుపెట్టింది. చాలా ఏళ్ళపాటు పిల్లలకు బొమ్మల సినిమా అంటే వారానికి ఒకసారి దక్కే ప్రసాదం వంటిది. 1995 మే 1న కార్టూన్ నెట్‌వర్క్ భారతదేశంలో అడుగుపెట్టడంతో ఆ కరువు తీరింది. అప్పట్లో ఆ ఛానెల్ పగటిపూట మాత్రమే పిల్లలది. సాయంత్రం కాగానే అదే ఛానెల్‌లో టీఎన్‌టీ పేరుతో పాత హాలీవుడ్ చిత్రాలు మొదలయ్యేవి. బడి నుంచి వచ్చి సంచీ విసిరేసి కూర్చున్న పిల్లవాడికి దక్కేది ఎంతో కొద్దిసేపు. ఇరవైనాలుగు గంటల బొమ్మల లోకం 2001లో గాని సాధ్యపడలేదు. డాబాల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతూ వచ్చిన ఆ నల్లటి కేబులు తీగలోనుంచే షాగీ మా వాడల్లోకి దిగాడు. అతడు మాట్లాడే అమెరికా ఇంగ్లీషు ముక్క కూడా అర్థమయ్యేది కాదు. తెలుగు గొంతు అతనికి తరవాత వచ్చింది. భయపడేవాణ్ణి చూసి నవ్వడానికి, ఆకలిగొన్నవాణ్ణి చూసి దగ్గరివాడనుకోవడానికి భాష అక్కరలేదు గదా!

అతడు దిగిన చోటు ఎటువంటిదో కూడా గమనించాలి. ఒకప్పుడు పైగా ప్రభువుల జాగీరు అయిన అమీర్‌పేటకు, 1956లో సారథి స్టూడియో నెలకొనడంతో సినిమా గాలి సోకింది. హైదరాబాదులో తెలుగు చిత్ర నిర్మాణానికి పునాది పడిన చోట్లలో అది మొదటి వరసలోనిది. తొంభైల చివరకు వచ్చేసరికి ఆ పేట మరొక పేరు తెచ్చుకుంది. మైత్రీవనం చుట్టుపక్కల భవనాలన్నిటికీ శిక్షణ సంస్థల బోర్డులు మొలిచాయి. ఒరాకిల్, జావా, మెయిన్‌ఫ్రేమ్స్ అన్న మాటలు కూరగాయల పేర్లంత మామూలైపోయాయి. కోస్తా నుంచీ, రాయలసీమ నుంచీ, తెలంగాణ పల్లెల నుంచీ వచ్చిన పట్టభద్రులు ఇరుకు గదులలో నలుగురైదుగురు సర్దుకుని, ఉదయాన ఒక కోర్సు, సాయంత్రం ఒక కోర్సు చదివేవారు. పంజగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వరకూ నడిస్తే చేతిలో అరడజను కరపత్రాలు పడేవి. ప్రతి కరపత్రం చెప్పేది ఒకటే: ఉద్యోగం. ఆ పేటలో పిల్లవాడు ఎదుగుతూ విన్న మాటలలో అతి పెద్ద మాట అదే. అటువంటి చోట, ఏ పనీ పాటా లేకుండా ఒక వ్యానులో ఊళ్ళు తిరిగే గడ్డపు కుర్రవాడు అందరికంటె ఎక్కువ ముద్దొచ్చాడంటే దానికొక కారణం ఉండి తీరాలి.

ఇప్పుడు వంశవృక్షం వద్దకు వెళ్దాం. స్కూబీ-డూలోని నలుగురు యువతీ యువకులకు మూలం 1959 నుంచి 1963 వరకు సీబీఎస్ ఛానెల్‌లో వచ్చిన 'ది మెనీ లవ్స్ ఆఫ్ డోబీ గిలిస్' అన్న హాస్య ధారావాహిక. అందులో డోబీ స్నేహితుడు మేనార్డ్ జి. క్రెబ్స్. బాబ్ డెన్వర్ అనే నటుడు ఆ పాత్ర వేశాడు. చిన్న గడ్డం, చిరిగిన స్వెట్‌షర్టు, జాజ్ సంగీతం మీద పిచ్చి. పని అన్న మాట చెవిన పడితే చాలు, ఆ మాటనే కెవ్వున అరిచి బెదిరిపోయేవాడు. అమెరికా టీవీ ప్రేక్షకులు ఎరిగిన మొదటి 'బీట్నిక్' ఇతడే అనవచ్చు.

బీట్నిక్ అన్నది బీట్ కవులు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. 1958 ఏప్రిల్ 2న సాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికలో హెర్బ్ కేన్ అనే కాలమిస్టు పుట్టించిన మాట. అంతకు ఆరు నెలల క్రితమే రష్యా స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. ఆ తోకను తెచ్చి 'బీట్'కు తగిలించాడు. పరిహాసంలో పుట్టిన ఆ మాట ఒక వేషంగా స్థిరపడింది: గడ్డం, నల్ల బట్టలు, బాంగో డ్రమ్ములు, సోమరితనం. అసలు మనుషులు వేరు. 1955 అక్టోబరు 7న సాన్‌ఫ్రాన్సిస్కోలోని సిక్స్ గ్యాలరీలో అలెన్ గిన్స్‌బర్గ్ తన 'హౌల్' కావ్యాన్ని మొదటిసారి చదివాడు. 1957లో ఆ పుస్తకం మీద అశ్లీలత కేసు నడిచి, చివరకు వీగిపోయింది. అదే సంవత్సరం జాక్ కెరువాక్ 'ఆన్ ది రోడ్' వెలువడింది. యుద్ధానంతరం అమెరికా కట్టుకున్న సౌఖ్యాన్ని, ఉద్యోగం-ఇల్లు-కారు అనే ముక్కోణపు జీవితాన్ని వారు నిరాకరించారు. ఆ నిరాకరణే బీట్ కవిత్వానికి ప్రాణం. మేనార్డ్‌లో ఆ నిరాకరణ పని పేరు వింటే వేసే కెవ్వుకేక అయింది. కవిత్వం పోయి కేక మిగిలింది.

తరువాతి మెట్టు 1968. ఆ ఏడాది ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్, జూన్‌లో రాబర్ట్ కెన్నెడీ హత్యకు గురయ్యారు. దేశంలో ఇంత హింస ఎక్కడినుంచి వచ్చిందని వెదికిన తల్లిదండ్రుల చూపు శనివారపు ఉదయాల కార్టూన్ల మీద కూడా పడింది. కొట్లాటల బొమ్మలు వెనక్కు తగ్గాయి. ఎవరినీ కొట్టని, ఎవరూ చావని కథ కావాలని సీబీఎస్ అధికారి ఫ్రెడ్ సిల్వర్‌మన్ హన్నా-బార్బెరా సంస్థను కోరాడు. జో రూబీ, కెన్ స్పియర్స్ కథను అల్లారు. ఇవావో తకమోటో బొమ్మలు గీశాడు. మొదటి రూపం మరీ భయపెట్టేదిగా ఉన్నదని తిరస్కరణకు గురైంది. అప్పుడు కుక్కకు ప్రాధాన్యం పెంచారు. ఫ్రాంక్ సినాత్రా పాట చివర వచ్చే అర్థంలేని రాగాలాపన నుంచి దాని పేరు తట్టిందని సిల్వర్‌మన్ చెప్పుకున్నాడు. 1969 సెప్టెంబరు 13న తొలి భాగం ప్రసారమైంది. సరిగ్గా 38 రోజులకు, అక్టోబరు 21న, ఫ్లోరిడాలో కెరువాక్ మరణించాడు. వయసు 47, కారణం మద్యం. తన పేరుతో ఊరేగిన వేషాన్ని అతడు ఎన్నడూ ఇష్టపడలేదు. ఒక తరానికి గొంతు ఇచ్చినవాడు కన్ను మూసిన నెలలోనే ఆ తరపు గడ్డం పిల్లల బొమ్మ మీద శాశ్వతంగా నిలిచింది. కాలం ఎంత నిర్దయగా లెక్కలు సరిచేస్తుందో!

మేనార్డ్ నుంచి షాగీకి వచ్చేసరికి జరిగిన మార్పును నేను ముఖ్యమైనదిగా భావిస్తాను. మేనార్డ్‌కు పని అంటే భయం. షాగీకి దయ్యమంటే భయం. పిల్లల కథలో ఉద్యోగానికి భయపడేవాణ్ణి చూపడం కుదరదు కనుక, ఆ భయానికి దయ్యం ముసుగు తొడిగారు. కాని ప్రతి కథ చివర దయ్యపు ముసుగు లాగితే లోపల కనబడేది ఎవరు? చాలా సార్లు ఒక ఆస్తిపరుడో, వ్యాపారో, ఎవరినో బెదరగొట్టి భూమినీ నిధినీ కాజేయాలనుకున్న దురాశాపరుడో. దయ్యాలు లేవు, డబ్బు ఉన్నది. తెలిసి చేశారో తెలియక చేశారో గాని, బీట్ కవులు దేనిని చూసి దూరంగా పారిపోయారో, షాగీ కూడా చివరికి దానినుంచే పారిపోతున్నాడు. భూమి ధర ఏటేటా కొండెక్కుతున్న అమీర్‌పేటలో కూర్చుని ఆ కథ చూసిన పిల్లలకు ఈ ముక్క అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టకుండా ఉండదు.

ఇంతవరకూ పరాయి దేశపు కథ. ఇటువంటి నిరాకరణ మన నగరంలోనూ పుట్టింది. గిన్స్‌బర్గ్ 1962, 1963లలో భారతదేశంలో ఉన్నాడు. కలకత్తాలో హంగ్రీ తరం కవులతో కలిసి తిరిగాడు. ఆ కవుల మీద 1964లో కేసులు పెట్టారు. 1965 మే నెలలో, హైదరాబాదులో, ఒక అర్ధరాత్రి నడిరోడ్డు మీద, దిగంబర కవుల తొలి సంపుటి వెలువడింది. ఆవిష్కరించినవాడు నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురూ పుట్టుకతో వచ్చిన పేర్లు వదిలి కొత్త పేర్లు పెట్టుకున్నారు. తమకంటూ ఒక శకాన్ని, ఋతువులను, వారాలను కల్పించుకున్నారు. 1966లో విజయవాడలో రెండవ సంపుటిని హోటలు కార్మికుడు జంగాల చిట్టి, 1968లో విశాఖలో మూడవ సంపుటిని బిచ్చగత్తె యడ్ల యాదమ్మ ఆవిష్కరించారు. విమర్శకులు వారిని బీట్ కవులతో, హంగ్రీ కవులతో పోల్చారు. పోలిక కొంతవరకే నిలుస్తుంది. బీట్ కవి సంఘాన్ని విడిచి రహదారి పట్టాడు. దిగంబర కవి సంఘం నడుమనే నిలబడి దాని బట్టలు లాగాడు.

ఆ తరువాతి గతులు కూడా వేరు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు వారిలో నలుగురు అందులో చేరారు. 1971లో నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు నిర్బంధానికి గురయ్యారు. బడిపంతులుగా బతికిన చెరబండరాజు జైళ్ళూ కేసులూ చూసి, 1982లో వ్యాధితో మరణించాడు. నిఖిలేశ్వర్ 'అగ్నిశ్వాస'కు 2020 సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అమెరికా తన తిరుగుబాటును నవ్వి మచ్చిక చేసుకున్నది. మనం జైలులో పెట్టాం, చాలా కాలానికి శాలువా కప్పాం. దిగంబరుల గడ్డం ఏ పిల్లల బొమ్మకూ అంటుకోలేదు. కనుకనే కేబులు తీగ వచ్చిన నాటికి అమీర్‌పేట పిల్లవాడికి సాన్‌ఫ్రాన్సిస్కో గడ్డం తెలిసింది గాని, నాలుగైదు మైళ్ళ అవతల, తన నగరపు రోడ్డు మీదనే రిక్షా కార్మికుడి చేతిలో తెరుచుకున్న పుస్తకం తెలియలేదు.

ఒక తిరుగుబాటు పిల్లల బొమ్మగా మారడం ఓడిపోవడమా, మిగిలిపోవడమా? సులభంగా తేలే ప్రశ్న కాదు. పద్యం పోయింది, కోపం పోయింది, రాజకీయం పోయింది. అయినా కొంత మిగిలింది. షాగీకి గొంతు ఇచ్చిన కేసీ కేసమ్ రేడియోలో పాటల వరుసలు చెప్పి పేరు పొందినవాడు, మాంసాహారం మానినవాడు. తొంభైలలో ఒక హాంబర్గర్ల కంపెనీ ప్రకటనకు షాగీ గొంతు ఇవ్వనని ఆ పాత్రనే వదులుకున్నాడు. షాగీని శాకాహారిగా చూపడానికి ఒప్పుకున్న మీదటనే 2002లో తిరిగి వచ్చాడు. బొమ్మకు గొంతు అరువిచ్చిన మనిషి, ఆ బొమ్మ తరఫున కాదనగలిగాడు. నిరాకరణ అనే గింజ ఎంత పలచని నేలలో పడినా ఎక్కడో ఒకచోట మొలకెత్తుతుందనడానికి ఇదొక నిదర్శనం.

హైదరాబాదు తన సొంత బొమ్మను తరవాత తయారుచేసుకుంది. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి 2008లో ఛోటా భీమ్ వచ్చాడు. అతనికీ తిండి మీద ప్రీతి. షాగీ, స్కూబీ చిరుతిండి ఆశ చూపితే గాని దయ్యం ముందుకు కదలరు. భీమ్ లడ్డూ తినగానే బలం పుంజుకుని శత్రువును ఓడిస్తాడు. ఒకరిది పిరికివాడి ఆకలి, ఒకరిది వీరుడి ఆకలి. గెలిచి తీరవలసిన నగరం గెలిచేవాణ్ణే సృష్టించుకున్నది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాని గెలవనక్కరలేని వాడొకడు, భయపడినా స్నేహితులు విడిచిపెట్టని వాడొకడు పిల్లల లోకంలో ఉండటం అవసరమని నాకనిపిస్తుంది. ఉద్యోగం అన్న ఒక్క మాట చుట్టూ తిరిగిన మా పేటలో, రోజూ కాసేపు ఆ అవసరాన్ని షాగీ తీర్చాడు.

ఇప్పుడు అమీర్‌పేటలో రెండు మెట్రో మార్గాలు ఒకదాని మీద ఒకటి దాటుకుంటున్నాయి. 2017 నవంబరులో రెండింటిలోనూ కొంత భాగం, 2018 సెప్టెంబరులో పంజగుట్ట మీదుగా వెళ్ళే భాగం ప్రజలకు అందాయి. చిన్ననాటి బొమ్మలను తలచుకుని మురిసే వయసుకు మా తరం చేరుకున్నది. ఆ మురిపెం గడ్డం దగ్గరే ఆగిపోకూడదని నా మనవి. షాగీని ఇష్టపడినవారు ఒకసారి గిన్స్‌బర్గ్‌ను చదవాలి. అంతకంటె ముందు దిగంబర కవుల మూడు సంపుటాలు తెరవాలి. ముసుగు లాగి చూడటం మనకు ఆ బొమ్మే నేర్పింది గదా!