చొక్కొలాతా కాల్దా

చొక్కొలాతా కాల్దా అనేది ఇటలీ దేశంలో చలికాలంలో విరివిగా సేవించే చిక్కని వేడి చాకొలేట్. ఇటాలియన్ భాషలో ఈ మాటలకు "వేడి చాకొలేట్" అనియే అర్థం. పాలలో కోకో పొడి, చక్కెర కలిపి పలుచగా చేసే సాధారణ పానీయానికి భిన్నంగా, ఇది చెంచాతో తినదగినంత చిక్కగా ఉంటుంది. ఈ చిక్కదనం ముఖ్యంగా కార్న్‌ఫ్లోర్ వంటి పిండిపదార్థం వలన వస్తుంది. చాకొలేట్ ఎంత ఎక్కువ వేస్తే అంత చిక్కబడుతుందనే అభిప్రాయం పూర్తిగా సరికాదు. దీనిని సాధారణమైన వంటపాత్రలతోనే ఇంటివద్ద పావుగంటలో తయారు చేయవచ్చును.

స్వరూపం

ఇటలీలోని కాఫీ శాలలలో దీనిని చిన్న కప్పులో, చెంచాతో సహా అందిస్తారు. కప్పులో వడ్డించేది కనుక "చొక్కొలాతా ఇన్ తాజ్జా" అని కూడా అంటారు. పైన గిలకొట్టిన మీగడ వేసినదానిని "కొన్ పన్నా" అని పిలుస్తారు. తీపి లేని మీగడ, చేదు కలిసిన తీపి గల చాకొలేట్‌కు జోడుగా నిలుస్తుంది. కొందరు బిస్కట్లను ఇందులో ముంచుకొని తింటారు.

స్పెయిన్ దేశంలో చుర్రోలు అనే వేపుడు పిండివంటతో కలిపి తీసుకొనే చాకొలేట్ కూడా ఇటువంటిదే. ఫ్రాన్స్‌లోని వేడి చాకొలేట్‌లో పిండి వాడకం తక్కువ. అక్కడ చాకొలేట్, పాలు, మీగడల వలననే కొంత చిక్కదనం వస్తుంది.

చరిత్ర

కోకో పుట్టినిల్లు అమెరికా ఖండం. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల ప్రాచీన జాతులవారు కోకో గింజలను వేయించి, నూరి, నీటితో కలిపి పానీయం చేసేవారు. అందులో మొక్కజొన్న పిండిని కలపడం కూడా వారి ఆచారం. మొక్కజొన్న జావలో చాకొలేట్ కలిపి కాచే "చంపుర్రాదో" మెక్సికోలో నేటికీ వాడుకలో ఉన్నది. కనుక చాకొలేట్‌కు పిండిని జతచేయడం ఆధునికులు కనిపెట్టిన కల్తీ కాదు, ఆ పానీయమంత పాతదైన పద్ధతి.

స్పెయిన్ వారి ద్వారా కోకో ఐరోపాకు చేరింది. ఇటలీవారికి ఈ పానీయాన్ని వివరించిన తొలివారిలో ఫ్లోరెన్స్ నగర వర్తకుడు ఫ్రాంచెస్కో కార్లెత్తి ఒకడు. ఇతడు 1594లో బయలుదేరి అమెరికా, జపాన్, చైనా, గోవాల మీదుగా భూమిని చుట్టివచ్చి, 1606లో తన యాత్రా విశేషాలను తస్కనీ ప్రభువైన మొదటి ఫెర్దినాందో మెదిచికి నివేదించాడు. మధ్య అమెరికాలో తాను చూచిన కోకో పంట, పానీయం అందులో ఉన్నాయి. అదే శతాబ్దం చివరిలో, మూడవ కోసిమో మెదిచి ఆస్థాన వైద్యుడైన ఫ్రాంచెస్కో రెది మల్లెజాతి పూల పరిమళం గల చాకొలేట్‌ను తయారు చేయించాడు. కోకో పలుకుల మధ్య తాజా పూలను పొరలు పొరలుగా పరచి, వాడిన పూలను తీసి మరల కొత్తవి వేస్తూ సువాసన పట్టించడం అందలి పద్ధతి.

చాకొలేట్ పానీయమా, ఆహారమా అనే ప్రశ్న 17వ శతాబ్దంలో క్రైస్తవ మతాచార్యులను చాలాకాలం వేధించింది. క్యాథలిక్కుల ఉపవాస నియమం ప్రకారం పానీయం తీసుకోవచ్చు గాని ఆహారం తీసుకోరాదు. చాకొలేట్ ఆకలిని తీర్చి బలాన్ని ఇస్తుంది కనుక ఆహారమేనని కొందరు, త్రాగేది గనుక పానీయమేనని మరికొందరు వాదించారు. ఈ విషయంపైననే స్పెయిన్‌లో ఆంతోనియో దె లియోన్ పినెలో 1636లో ఒక గ్రంథం ప్రచురించాడు. కార్డినల్ ఫ్రాంచెస్కో మరియా బ్రంకాచ్చో 1664లో రోములో ప్రచురించిన గ్రంథంలో, చాకొలేట్ ద్రవ పదార్థం కనుక ఉపవాసానికి భంగం కాదని తీర్మానించాడు. చెంచా నిలబడేటంత చిక్కగా చేసే నేటి పానీయాన్ని చూస్తే, ఆనాటి వాదంలో ఇరుపక్షాలకూ బలమున్నదని తెలుస్తుంది.

ఉత్తర ఇటలీలోని తురీన్ నగరం చాకొలేట్‌కు ప్రసిద్ధి. అక్కడి "బిచెరిన్" అనే పానీయంలో చాకొలేట్, కాఫీ, మీగడ ఒకదానిపై ఒకటి పొరలుగా ఉంటాయి. స్థానిక భాషలో బిచెరిన్ అనగా చిన్న గ్లాసు. ఇదే పేరు గల కాఫీ శాల 1763లో స్థాపించబడింది.

1828లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ సంస్థ కోకో నుండి కొవ్వును పిండి తీసే యంత్రానికి హక్కు పొందింది. దీనివలన కొవ్వు తక్కువైన కోకో పొడి చౌకగా లభించసాగింది. అంతకుముందు పానీయంపై తేలే నూనెతెట్టు సమస్య చాలావరకు తొలగింది.

చిక్కదనానికి కారణం

కార్న్‌ఫ్లోర్ అనేది మొక్కజొన్న గింజలోని పిండిపదార్థాన్ని మాత్రమే వేరుచేసి ఆరబెట్టిన తెల్లని మెత్తని పొడి. ఇందులోని సూక్ష్మమైన రేణువులు చల్లని పాలలో కరగవు, కేవలం తేలియాడుతూ నెమ్మదిగా అడుగుకు చేరుతాయి. వేడి సుమారు 62 నుండి 72 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు అవి నీటిని పీల్చుకొని ఉబ్బడం మొదలవుతుంది. ఉబ్బిన రేణువులు ఒకదానికొకటి ఒరసుకొంటూ ద్రవం కదలికను అడ్డగించడం వలన పాలు చిక్కబడతాయి. పూర్తి చిక్కదనం రావడానికి మరుగుకు దగ్గరగా, అనగా 90 డిగ్రీలు దాటిన వేడి కావాలి. అందువలననే ఈ పానీయం చాలాసేపు పలుచగానే ఉండి, చివరి ఒకటి రెండు నిమిషాలలో ఒక్కసారిగా చిక్కబడుతుంది.

పొడి పిండిని నేరుగా వేడి పాలలో వేస్తే, ముద్ద పైభాగం వెంటనే ఉడికి జిగురు పొరగా మారుతుంది. లోపలి పొడికి తడి అందదు. ఉండలు కట్టడానికి కారణం ఇదే. రాగిజావ కాచేవారు పిండిని ముందుగా చల్లని నీటిలో కలుపుకోవడంలోని కిటుకు కూడా ఇదే.

కోకో పొడిలోని సన్నని రేణువులు, అందులో సహజంగా ఉండే పిండిపదార్థం కూడా కొంత చిక్కదనాన్ని ఇస్తాయి. చాకొలేట్‌లోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వద్ద కరుగుతుంది. దాని ముఖ్యమైన పని రుచిని, నున్నదనాన్ని ఇవ్వడం. కాబట్టి చిక్కదనాన్ని బట్టి పానీయంలోని చాకొలేట్ పరిమాణాన్ని అంచనా వేయరాదు. మిక్కిలి తక్కువ కోకోతో, ఎక్కువ పిండితో కూడా చిక్కని పానీయం చేయవచ్చును. ఈ కారణంగానే ఐరోపా సమాఖ్య 2000 సంవత్సరపు ఆదేశంలో, స్పెయిన్ తరహా "చాకొలాతె ఆ లా తాసా"లో పిండి 8 శాతానికి, "ఫమిలియార్" అనే రకంలో 18 శాతానికి మించరాదని నిర్ణయించింది.

కావలసిన పదార్థాలు

ఈ కొలతలతో నాలుగు చిన్న కప్పులు తయారవుతాయి.

- వెన్న తీయని చిక్కని పాలు: 400 మిల్లీలీటర్లు
- డార్క్ చాకొలేట్ (కోకో 60 శాతం లేక అంతకు పైన): 50 గ్రాములు
- తీపి కలపని కోకో పొడి: 20 గ్రాములు (సుమారు 3 పెద్ద చెంచాలు)
- చక్కెర: 30 గ్రాములు (సుమారు రెండున్నర పెద్ద చెంచాలు)
- కార్న్‌ఫ్లోర్: 12 గ్రాములు (సుమారు ఒకటిన్నర పెద్ద చెంచా)
- ఉప్పు: చిటికెడు

పదార్థాలు కొనేటప్పుడు మూడు విషయాలు గమనించాలి. మొదటిది, రొట్టెలకు వాడే పసుపుపచ్చని మొక్కజొన్న పిండి, కార్న్‌ఫ్లోర్ ఒకటి కావు. గింజ మొత్తాన్ని విసరిన పిండి వాడితే పానీయం గరుకుగా ఉంటుంది. రెండవది, "డ్రింకింగ్ చాకొలేట్" పేరిట అమ్మే పొడులలో చక్కెర ముందే కలిసి ఉంటుంది. వాటిని కోకో పొడికి బదులు ఇదే కొలతలో వాడరాదు. మూడవది, "కాంపౌండ్" అని ముద్రించిన దిమ్మలలో కోకో వెన్నకు బదులు ఇతర వృక్ష సంబంధమైన కొవ్వులు ఉంటాయి. వాటితో చిక్కదనం వచ్చినా నోటిలో కరిగే గుణం రాదు.

తయారీ విధానం

1. చాకొలేట్‌ను కత్తితో సన్నగా తరిగి పక్కన ఉంచాలి.
2. మందపాటి అడుగు గల గిన్నెలో కోకో పొడి, కార్న్‌ఫ్లోర్, చక్కెర, ఉప్పు జల్లించి పొడిగానే బాగా కలపాలి. చక్కెర పలుకులు పిండి రేణువులను విడదీయడం వలన ఉండలు కట్టే అవకాశం తగ్గుతుంది.
3. కాచి చల్లార్చిన పాలలో నుండి సుమారు 100 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా పోస్తూ, నున్నని ముద్దగా, తరువాత దోసెల పిండి వలె జారుగా కలపాలి. మిగిలిన పాలను ఆ తరువాతనే పోయాలి.
4. గిన్నెను సన్నని సెగపై ఉంచి, గరిటె అడుగును, అంచులను తాకేటట్లు ఆపకుండా కలుపుతుండాలి. పాలు వేడెక్కడానికి సుమారు ఆరేడు నిమిషాలు పడుతుంది.
5. బుడగలు రావడం మొదలైన తరువాత ఒక నిమిషంపాటు ఉడకనివ్వాలి. గరిటె వెనుక భాగంపై వ్రేలితో గీత గీసినప్పుడు ఆ గీత కలిసిపోకుండా నిలిస్తే సరియైన పాకం వచ్చినట్లు.
6. సెగ ఆపివేసి, తరిగిన చాకొలేట్ వేసి పూర్తిగా కరిగేవరకు కలపాలి.
7. రెండు నిమిషాలు ఆగి కప్పులలో పోయాలి. ఆరేకొద్దీ మరింత చిక్కబడుతుంది.

చిక్కని ద్రవం పలుచని ద్రవం కంటె ఎక్కువసేపు వేడిని నిలుపుకొంటుంది. పైన ఆవిరి కనిపించకపోయినా లోపల నోరు కాలేటంత వేడి ఉండవచ్చు. పిల్లలకు ఇచ్చేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

సాధారణ లోపాలు, సవరణలు

- ఉండలు కట్టడం: పిండిని వేడి పాలలో వేసినందువలన జరుగుతుంది. జల్లెడలో వడకట్టి మరల వేడి చేయవచ్చు.
- పచ్చిపిండి వాసన: చిక్కబడగానే దింపివేసినందువలన కలుగుతుంది. మరొక నిమిషం ఉడికించాలి.
- చిక్కబడకపోవడం: సాధారణంగా వేడి చాలకపోవడమే కారణం. పిండి పెంచడానికి ముందు ఉడుకు వచ్చినదో లేదో చూడాలి. ఉడికినా పలుచగానే ఉంటే ఒక టీ చెంచా కార్న్‌ఫ్లోర్‌ను చల్లని పాలలో కలిపి పోయాలి.
- చిక్కబడి మరల పలుచబడడం: చాలాసేపు మరిగించినా, అతి వేగంగా గిలకొట్టినా ఉబ్బిన పిండి రేణువులు చితికిపోతాయి.
- అడుగంటడం: సెగ ఎక్కువైనందువలన జరుగుతుంది. అడుగును గోకకుండా పైభాగాన్ని వేరే గిన్నెలోకి వంచుకోవాలి.
- చాకొలేట్ గట్టిపడి పలుకులుగా మారడం: విడిగా కరిగించిన చాకొలేట్‌లో ఒకటి రెండు చెంచాల పాలు మాత్రమే పడినప్పుడు జరుగుతుంది. చాకొలేట్‌నే పాలలో వేస్తే ఈ ఇబ్బంది ఉండదు.

మిగిలినదానిని చల్లారిన వెంటనే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. అది పుడ్డింగ్ వలె గట్టిపడుతుంది. మరుసటి రోజు కొద్దిగా పాలు పోసి సన్నని సెగపై కలుపుతూ వేడి చేస్తే తిరిగి జారుగా అవుతుంది.

రకాలు

చాకొలేట్ లేనప్పుడు కోకో పొడిని 35 గ్రాములకు, చక్కెరను 50 గ్రాములకు, కార్న్‌ఫ్లోర్‌ను 16 గ్రాములకు పెంచి చేయవచ్చు. రుచి కొంత ఘాటుగా, నున్నదనం తక్కువగా ఉంటుంది. ఆవు, గేదె పాలు వాడనివారు సోయా పాలతోగాని, బాదం పాలతోగాని చేసుకోవచ్చు. చిక్కదనం పిండిపై ఆధారపడి ఉన్నందున ఈ మార్పు సాధ్యమవుతున్నది. పరిమళం కొరకు దాల్చిన చెక్క, నారింజ తొక్క, వెనిల్లా వంటివి వాడతారు. తురీన్ ప్రాంతంలో హేజెల్‌నట్ ముద్ద కలిపిన "జందూయా" చాకొలేట్‌తో కూడా చేస్తారు.

పోషక విలువలు

పై కొలతల ప్రకారం ఒక్కొక్క కప్పులో సుమారు 200 కేలరీల శక్తి లభిస్తుంది. వేసిన చక్కెర, చాకొలేట్‌లో ముందే ఉన్న చక్కెర కలిపి కప్పుకు దాదాపు 12 గ్రాములు, అనగా మూడు టీ చెంచాలు అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం ఇటువంటి చక్కెరల నుండి వచ్చే శక్తి రోజువారీ శక్తిలో 10 శాతం లోపు ఉండాలి. 5 శాతం లోపు, అనగా సుమారు 25 గ్రాములకు తగ్గిస్తే మరింత మేలు. ఆ లెక్కన ఒక కప్పు సగం వంతును తీసుకొంటుంది. కార్న్‌ఫ్లోర్ కూడా జీర్ణమై గ్లూకోజుగా మారేదే కనుక, మధుమేహం ఉన్నవారు చక్కెర మానినంత మాత్రాన దీనిని నిరపాయంగా భావించరాదు. కోకోలో థియోబ్రొమిన్, కొద్దిగా కెఫీన్ ఉంటాయి. థియోబ్రొమిన్ కుక్కలకు విషతుల్యం కనుక పెంపుడు కుక్కలకు దీనిని పెట్టరాదు.

తెలుగు ప్రాంతంలో కోకో

భారతదేశంలో కోకో పంట ఆంధ్రప్రదేశ్, కేరళ, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలలో ఉన్నది. ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ ముందున్నది. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడలో దీనిని అంతర పంటగా పెంచుతారు. కాయలను పగులగొట్టి, గుజ్జుతో కూడిన గింజలను కొన్ని రోజులు పులియబెట్టి, ఆపై ఎండబెడతారు. పులియబెట్టని గింజను ఎంత వేయించినా చాకొలేట్ రుచి సరిగా రాదు. కప్పులోని పానీయానికి చిక్కదనాన్ని పిండి ఇచ్చినా, రుచి మాత్రం రైతు కళ్ళంలోనే మొదలవుతుంది.

ఇవి కూడా చూడండి

- కోకో
- చాకొలేట్
- కార్న్‌ఫ్లోర్
- రాగిజావ