సాముదాయిక వంటశాలలు (కేరళము)

కోవిడ్ మహమ్మారి ప్రబలి దేశమంతయు దిగ్బంధమునకు లోనైన 2020 మార్చి మాసాంతమున, దినవేతనమే ఆధారముగాగల కుటుంబములకు పనియు, దానితోడనే అన్నమును కఱవైన తరుణమున, కేరళ రాష్ట్రమందలి గ్రామ పంచాయతులును, పురపాలక సంఘములును, నగరపాలక సంస్థలును కుడుంబశ్రీ మహిళా సంఘముల తోడ్పాటుతో నెలకొల్పిన వంటశాలలకు ఈ పేరు.

నిరాశ్రయులకును, నిరుపేదలకును భోజనము ఉచితముగా నొసగిరి. తక్కినవారికి వెల 20 రూపాయలుగా, ఇంటికి చేర్చినచో మఱి 5 రూపాయలుగా నుండెను. ఉచితార్హులను నిర్ణయించు భారము స్థానిక సంస్థలకే విడువబడెను. ఇది మిక్కిలి వివేకవంతమైన ఏర్పాటు; ఏలయన, ఆకలిగొనియు అభిమానముచే చేయి చాపలేని గృహస్థును దూరముననున్న కార్యాలయము కనుగొనజాలదు, వార్డు సభ్యుడు కనుగొనగలడు. అన్నమునకు మాఱుగా రొట్టెకు అలవాటుపడిన ఉత్తరాది రాష్ట్రముల వలస కూలీలకు, తామే వండుకొనుటకై గోధుమపిండి మొదలైన సంబారములను సమకూర్చిరి.

ఇంతటి కార్యము దినముల వ్యవధిలో సాధ్యమగుటకు కారణము పూర్వసన్నాహమే. 1996లో ఆరంభమైన ప్రజాప్రణాళికోద్యమము పంచాయతులకు నిధులను, అధికారములను సంక్రమింపజేసెను. 1998లో దారిద్ర్య నిర్మూలనార్థము వెలసిన కుడుంబశ్రీ, ఇరుగుపొరుగు స్త్రీలను సంఘములుగా కూర్చి, పొదుపునందును, చిన్న పరిశ్రమలయందును, భోజనశాలల నిర్వహణమునందును వారికి చిరకాలముగా అనుభవము గడింపజేసియుండెను. తరువాత నాడు 20 రూపాయలకే భోజనమిడిన జనకీయ హోటళ్లు కుడుంబశ్రీ నిర్వహణమున రాష్ట్రమంతట విస్తరిల్లెను.