నల్లమల అంచున వేట నిషేధం

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలాన్ని ఆనుకొని నల్లమల అడవి ఉంది. ఇక్కడి చెంచులు తరతరాలుగా తేనె, గడ్డలు, చిన్న వేటతో బతికారు. ఆ వేట కడుపు నింపుకోవడానికే పరిమితం. బ్రిటిష్ కాలంలో తుపాకీ వేట పెద్దలకు వినోదమైంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు ఏర్పడినా, లైసెన్సు ఉన్నవారి వేట ఆగలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పులి వేట దేశమంతటా నేరమైంది. నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి తెచ్చారు. 1972 చట్టానికి 1986లో చేసిన సవరణ వన్యప్రాణుల చర్మాలు, ఇతర భాగాల వ్యాపారాన్ని నిషేధించింది.

దాంతో వ్యాపారం చాటుకు వెళ్లింది. పులి చర్మం, గోళ్లతోపాటు అలుగు పొలుసులకూ గిరాకీ ఉంది. వేటగాళ్లు జంతువులు నడిచే దారిలో సన్నని తీగను ఉచ్చుగా ముడివేసి, కొసను చెట్టుకు కడతారు. మెడో కాలో చిక్కిన జంతువు గుంజుకున్న కొద్దీ ముడి బిగుస్తుంది. అడవి పందికని పెట్టిన ఉచ్చు చిరుతనూ చంపుతుంది.

అందుకే అటవీ శాఖ బేస్ క్యాంపుల సిబ్బంది కాలినడకన తిరిగి ఉచ్చులు ఏరివేస్తారు. వారిలో చెంచులు ఎందరో ఉన్నారు. అడుగుజాడలు చదవడంలో వారికి సాటి లేదు. అడవిని కాపాడడంలో చట్టం ఎంత ముఖ్యమో, ఈ మనుషులకు గౌరవప్రదమైన జీతం, భద్రత అంతే ముఖ్యం.